గొర్రె వీపు మీద రాగి గద్ద

సూర్యాపేట బస్సు కళ్ళ ముందే వెళ్ళిపోయింది. ఎండకు తాళలేక కోదాడ బైపాస్ పక్కన కొత్తగా పెట్టిన ఒక కాఫీ దుకాణంలోకి దూరాను. లోపల చల్లగా ఉంది, అంతవరకు బాగానే ఉంది. కూర్చుని తలెత్తి చూద్దును కదా, గోడ నిండా అద్దాల ఫ్రేముల్లో పాత బొమ్మల పుస్తకాల అట్టలు. ముసుగు మనుషులు, ఎగిరే మనుషులు, పిడికిలి బిగించి పళ్ళు కొరికే మనుషులు. పక్కన ఒక గాజు పెట్టెలో రేకు బిళ్ళలు, అట్ట ముసుగులు, ఎన్నడో జిగురెండిపోయిన స్టిక్కర్లు. దుకాణం నడిపే కుర్రాడు, పాతికేళ్ళుంటాయేమో, నేను చూస్తున్నది చూసి మురిసిపోతూ దగ్గరికొచ్చాడు. "అన్నీ ఒరిజినల్సేనమ్మా. ఎక్కడెక్కడో తిరిగి పట్టుకొచ్చాను. ఇప్పుడు దొరకవండీ ఇవి" అన్నాడు. నా చూపు అప్పటికే ఒక అట్ట దగ్గర ఆగిపోయింది. రాగి రెక్కలు కట్టుకున్న మనిషి గాలిలోంచి దిగి ఒక దొంగ దవడ మీద గుద్దుతున్నాడు. దెబ్బ పడిన చోట పసుపుపచ్చ నక్షత్రం, అందులో ఎర్రగా 'ఫడేల్' అని అక్షరాలు. రాగి గద్ద! "ఎంత అమాయకమైన రోజులో కదమ్మా అవి" అన్నాడు కుర్రాడు.

అమాయకమైన రోజులట, నా తలకాయ! ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండింది. వాడి తప్పేమీ లేదు పాపం, వాడికి ఆ అట్ట మీద రంగులే కనిపిస్తున్నాయి. "మీరూ చదివేవారాండీ?" అనడిగాడు. "సదివిన బిడ్డా. సదివి ఇనిపించిన గూడ" అన్నాను. ఎవరికని అడిగితే "గొర్లు కాసెటోనికి" అన్నాను. వాడు పకపకా నవ్వి కాఫీ తేవడానికి వెళ్ళాడు. నేను ఏదో జోకు వేశాననుకున్నట్టున్నాడు.

ఆ గొర్లు కాసేవాడు మా చిన్నాయన, సోమయ్య. మా నాయినకు ఒక్కగానొక్క తమ్ముడు. త్రిపురారం దగ్గర మా పల్లె చుట్టూ సాగర్ కాలువ కింద అందరికీ వరి పొలాలుండేవి, మాకు మాత్రం సెంటు భూమి లేదు. మాకున్నది మంద. కోతలైన పొలాల్లో రాత్రిళ్ళు మందను నిలిపితే పెంట పడుతుంది, భూమికి బలం వస్తుంది. దానికి రైతులు వడ్లు కొలిచేవాళ్ళు. ఆ వడ్లే మా కూడు, ఆ గొర్రెల బొచ్చే మా గొంగళ్ళు, అప్పుడప్పుడు అమ్మే పొట్టేళ్ళే నా బడి. మంద ఉన్నన్నాళ్ళే నీ పలకా బలపం, మంద పోయిన రోజున మిర్యాలగూడ మిల్లుల్లో వడ్లు ఎండబోసే కూలికి పోవాల్సిందేనని నాయినమ్మ రోజుకోసారైనా నాకు గుర్తు చేసేది. బెదిరించడానికి కాదు, ఉన్న మాట చెప్పేది అంతే. మిల్లుకు పోయిన ఆడపిల్లలు ఊక దుమ్ముకు దగ్గుతూ ఇంటికి రావడం మా వాడలో నేను చూస్తూనే ఉన్నాను.

చిన్నాయన పెళ్ళి చేసుకోలేదు. బీడీ లేదు, కల్లు లేదు. ఉన్న ఒక్క పిచ్చి బొమ్మల పుస్తకాలు. మిర్యాలగూడ అంగడికి పొట్టేళ్ళను తోలుకుపోయినప్పుడల్లా స్టేషన్ దగ్గర పాత కాగితాల దుకాణంలో కూర్చుని, కుప్పలు తిరగేసి, రాగి గద్ద ఉన్నవి ఏరుకుని గొంగడి కొప్పెర మడతలో పెట్టుకుని వచ్చేవాడు. కథ పెద్దదేం కాదు. పగలంతా బజారులో రాగి బిందెలు అమ్ముకునే నెమ్మది మనిషి ఒకడు, ఎవరికైనా ఆపద వస్తే దుకాణం వెనక్కి వెళ్ళి రాగి రెక్కలు తొడుక్కుని ఎగిరి వస్తాడు. వచ్చి కొడతాడు. ప్రతి సంచికలోనూ ఎవడో ఒకడి దవడ పగలాల్సిందే, పగిలిన వాడు పై సంచికలో అదే దవడతో వచ్చి అరవాల్సిందే. కానీ ఆ బొమ్మలు, అబ్బ! ఇప్పటి వాటిలా నున్నగా ఉండేవి కావు. రంగులు గీతల్లో నిలవక పక్కకు కారేవి, గద్ద రెక్క ఎరుపు సగం ఆకాశంలోకి పాకేది. గీసినవాడెవడో గానీ నల్ల సిరాతో ఒక్క గీత గీస్తే భుజం మీద నరం లేచి నిలబడేది. చవక కాగితం వాసన, సిరా వాసన, దాని మీద మా గొర్రెల బొచ్చు వాసన. ఇప్పటికీ ఎక్కడైనా తడిసిన ఉన్ని వాసన వస్తే నాకు ముందు గుర్తొచ్చేది గొర్రె కాదు, రాగి గద్ద. ఒక సంచికతో పాటు ఊరికే ఇచ్చిన రేకు బిళ్ళ ఒకటి చిన్నాయనకు ఎలా చేరిందో చేరింది. దాన్ని గొంగడికి గుచ్చుకుని పెద్ద జమేదారులా తిరిగేవాడు. అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు గానీ వేగం లేదు. అందుకని బడి లేని రోజు నన్ను మంద వెంట తీసుకుపోయి, "సాలమ్మా, సదువు బిడ్డా, జర గట్టిగ సదువు. వాని దవడ పలిగెటప్పుడు ఇంకా గట్టిగ" అనేవాడు. నేను "ఫడేల్" అని అరిస్తే గొర్రెలు తలెత్తి చూసి మళ్ళీ మేతలో పడేవి.

ఆ మనిషి తన జన్మలో ఒక్క గొర్రెను కూడా కొట్టి ఎరగడు. కొట్టే పనంతా మా నాయిన లింగయ్య పుణ్యాన జరిగిపోయేది. మా నాయినకు నోట్లోంచి మాట రాకముందే చేతిలోంచి దెబ్బ వచ్చేది. వాకిట్లో ఆయన కిర్రు చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు, అమ్మ పొయ్యిలోకి తల దూర్చేది, నేను వడ్ల గుమ్మి వెనక్కి పోయేదాన్ని, దొడ్లో గొర్రెలన్నీ అవతలి కంచెకు ఒత్తుకుని ఒకదాని మీద ఒకటి ఎక్కేవి. జొన్న గటక పలుచనైతే అమ్మకు దెబ్బ. కుండ పగిలితే నాకు దెబ్బ. గొర్రె మొండికేస్తే దాని వెన్ను మీద దుడ్డుకర్ర. ఒకసారి కాలు కుంటుతున్న గొర్రె వెనకబడిందని కొడితే అది అక్కడికక్కడే పడి తన్నుకుని చచ్చిపోయింది, ఆ పూట మేము దాన్నే తిన్నాం. అమ్మ ఏడుస్తూ వండింది, ఉప్పు సరిపోలేదని దానికీ తన్నులు తిన్నది. మా వాడలో ఇది వింత కాదు. కొట్టని మగవాణ్ణే వింతగా చూసేవాళ్ళు. నాయినమ్మ మాత్రం అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తూ, "వాని చేతులకు చెదలు పట్ట, వాని నాయిన బుద్ధులే వచ్చినయి" అని కడుపున పుట్టినవాణ్ణే శాపనార్థాలు పెట్టేది. ఆమె ముక్కు పక్కకు వంగి ఉండేది. ఎందుకని ఎవరూ అడిగేవాళ్ళు కాదు, అందరికీ తెలుసు.

బొచ్చు కత్తిరించాక గొర్రెకు జాజుతో గుర్తు పెట్టడం మా ఆనవాయితీ. జాజంటే ఎర్రమన్ను, నూనెలో కలిపి పూస్తే వానకు కూడా తొందరగా పోదు. మాది తొంటి మీద రెండు అడ్డగీతలు. ఆ ఏడు కాలువ వెంబడి గొర్రెల దొంగలు ఎక్కువయ్యారు, గీతల మీద గీతలు పూసి గుర్తు మార్చి అమ్ముకుంటున్నారని గోల. చిన్నాయనకు ఒక ఆలోచన వచ్చింది. నాయిన అంగడికి పోయిన రోజు చూసి, మంద మొత్తానికి వీపు మీద విచ్చుకున్న రెక్క బొమ్మ వేశాడు. రాగి గద్ద రొమ్ము మీద ఉండే గుర్తు అదే. జాజు రంగు కూడా అచ్చం రాగి రంగే. "గీ గుర్తు లోకంల ఇంకెవనికుంటది చెప్పు సాలమ్మా? ఏ దొంగ ముట్టుకున్నా తెలిసిపోతది" అన్నాడు, చేతులు మోచేతుల దాకా ఎర్రగా చేసుకుని. సాయంత్రం నాయిన వచ్చి చూశాడు. "ఇదేం గుర్తురా?" అన్నాడు. చిన్నాయన తడుముకోకుండా "గరుడపక్షి అన్నా" అన్నాడు. నాయిన ఒక క్షణం ఆలోచించి, చెప్పులు విడిచి, ముందున్న గొర్రె వీపుకు దండం పెట్టాడు. ఆ తర్వాత నాలుగు రోజుల పాటు వచ్చినవాళ్ళకూ పోయినవాళ్ళకూ మా మందకు గరుడపక్షి కాపలా అని చెప్పుకున్నాడు. నేనూ చిన్నాయనా గడ్డివాము చాటుకు పోయి కడుపు పట్టుకుని నవ్వాం.

చిన్నాయన ఒకటి మరిచిపోయాడు. అంతకు ముందు వానాకాలం మందను మఠంపల్లి వైపు తోలుకుపోయినప్పుడు అక్కడ యాదగిరి అనే గొర్లకాపరితో దోస్తీ కుదిరింది. అతనికి జ్వరం తగిలి చెట్టు కింద పడుకుంటే, పొద్దుపోవడానికని తన దగ్గరున్న రాగి గద్ద పుస్తకం ఒకటి ఇచ్చి వచ్చాడు. ఇచ్చిన వస్తువు గుర్తు పెట్టుకునే మనిషి కాదాయన. యాదగిరికి ఆ పుస్తకం తెగ నచ్చింది. మఠంపల్లి వైపు సున్నపురాయి నేల, వేసవిలో పచ్చపోచ ఉండదు. ఆ ఏడు వాళ్ళు మందను మా కాలువ కిందికి తోలుకొచ్చారు. తోలుకొచ్చే ముందు గొర్రెలకు కొత్త గుర్తు పెట్టుకొచ్చారు.

కాలువ కట్ట మీద రెండు మందలూ ఎదురెదురుగా వచ్చాయి. మామూలుగా అయితే ఒకరు పక్కకు దించుతారు, ఇంకొకరు దాటిపోతారు. అదే సమయంలో మిర్యాలగూడ మిల్లు లారీ ఒకటి మా వెనక నుంచి హారన్ మోగించుకుంటూ వచ్చి పడింది. గొర్రెలు చెల్లాచెదురై కట్ట దిగి కోసిన పొలంలో కలగాపులగం అయిపోయాయి. అయితే ఏమైంది, గుర్తులున్నాయి కదా, ఏరుకోవచ్చు అనుకున్నారు అందరూ. దుమ్ము తగ్గాక చూస్తే ప్రతి వీపు మీదా అదే రాగి రెక్క. చెవులు కోసి గుర్తు పెట్టే అలవాటు రెండు ఇళ్ళల్లోనూ లేదు. ఎవరి గొర్రె మొహం వాళ్ళకు తెలుసు, నిజమే, కానీ ఆ మాట ఎదుటివాడు నమ్మాలి కదా. "మా గుర్తు దొంగిలించి మా మందను కలుపుకపోదామని వచ్చిన్రా లంజకొడుకుల్లారా" అన్నాడు మా నాయిన, మొదటి మాటే అది. మాట పూర్తి కాకముందే యాదగిరి బావమరిది తల మీద దుడ్డుకర్ర దించాడు.

నేను కట్ట మీద నుంచి చూశాను. తల పగిలితే రక్తం కళ్ళలోకి కారుతుంది, మనిషి కళ్ళు తుడుచుకుంటాడు తప్ప తల పట్టుకోడు. ఆ సంగతి ఏ బొమ్మల పుస్తకంలోనూ లేదు. వాళ్ళు నలుగురు, ఇటు నాయిన ఒక్కడు, మధ్యలో చేతులు అడ్డం పెట్టి "వద్దన్నా, ఆగుండ్రి, ఆగుండ్రి" అని తిరుగుతున్న చిన్నాయన. గొడ్డలి కామ కర్ర ఒకటి నాయిన భుజం మీద పడింది. నాయిన పడలేదు, ఆ కొట్టినవాడి చెయ్యి పట్టుకుని వెనక్కి విరిచాడు, వాడు గొర్రెపిల్లలా అరిచాడు. గొర్రెలు తొక్కులాటలో పిల్లలను తొక్కేస్తున్నాయి. పొలం మోళ్ళ మీద ఎర్రగా, అది జాజో రక్తమో తెలియకుండా పోయింది. ఇక ఎవడో ఒకడు చస్తాడనుకున్నప్పుడు యాదగిరి పరిగెత్తి తన గొంగడి వెతికి పుస్తకం బయటికి తీశాడు. అట్ట పైకెత్తి పట్టుకుని అందరి మధ్యకు వచ్చాడు. "ఆగుండ్రి! దొంగతనం లేదు ఏం లేదు. గీ బుక్కు సోమన్ననే నాకిచ్చిండు. దీంట్ల బొమ్మ సూసి నేను ఏసిన, ఆయన గూడ గిదే సూసి ఏసిండు. అంతే అన్నా, ఇంకేం లేదు" అన్నాడు. పాపం, మంట ఆర్పడానికే నీళ్ళు తెచ్చాననుకున్నాడు.

కర్రలు ఆగాయి. నాయిన ముందుకు వచ్చి అట్ట చూశాడు. రొమ్ము మీద రెక్క గుర్తున్న రంగుల మనిషిని చూశాడు. గొర్రె వీపు చూశాడు. తను చెప్పులు విడిచి దండం పెట్టింది దేనికో అప్పుడు అర్థమైంది. మఠంపల్లి వాళ్ళలో ఒకడు కిసుక్కుమన్నాడు. "గరుడపక్షన్నవ్ గదరా" అన్నాడు నాయిన, గొంతు పెంచకుండానే. చిన్నాయన "అన్నా, అది..." అని నోరు తెరిచాడు. తెరిచిన నోటి మీదే దుడ్డుకర్ర అడ్డంగా వచ్చి తగిలింది. ఫడేల్ అని వినిపించలేదు. ఎండిన జొన్నకట్టె విరిచినట్టు చిన్న చప్పుడు, అంతే. పసుపు నక్షత్రమేదీ కనిపించలేదు. చిన్నాయన కూర్చుండిపోయి రెండు చేతులతో గడ్డం కింద పట్టుకున్నాడు, జారి పడిపోతుందేమో అన్నట్టు. వేళ్ళ సందుల్లోంచి రక్తంతో పాటు పళ్ళు వచ్చాయి. అప్పటిదాకా మమ్మల్ని చంపడానికి వచ్చినవాళ్ళు కూడా "అయ్యయ్యో, సొంత తమ్మున్ని గిట్ల కొడ్తర్రా" అని వెనక్కి తగ్గారు.

కాఫీ దుకాణం కుర్రాడికి ఇదంతా చెప్పలేదు. చెబితే వాడు ఆ అట్టను తీసేస్తాడేమో, ఎందుకు తీయాలి? బొమ్మ బాగుంది. నేను ఇప్పటికీ ఆ గీతను మెచ్చుకుంటాను, ఆ అట్ట చూస్తే ఇప్పటికీ నా గుండె ఒక్క గెంతు గెంతుతుంది, ఎవరేమనుకుంటే నాకేం? నాకు కోపం బొమ్మ మీద కాదు. అప్పుడంతా బంగారం, ఇప్పుడంతా బూడిద అని పాడేవాళ్ళ మీద. బళ్ళో నాతో పనిచేసిన టీచర్లు కూడా రిటైరయ్యాక ఇదే పాట. ఇప్పటి పిల్లలు ఫోన్లలో కొట్టుకునే ఆటలు ఆడి చెడిపోతున్నారట, మన కాలంలో బొమ్మల పుస్తకాలు చదువుకుని ఎంత మెత్తగా పెరిగామో అట! మెత్తగా పెరిగామా మనం? ఇప్పుడు మా వీధిలో ఒకడు పెళ్ళాన్ని కొడితే ఆమె స్టేషన్‌కు పోతుంది, కనీసం పోతానని బెదిరిస్తుంది. మా అమ్మ ఎక్కడికి పోవాలి? దవాఖానకు పోయినా జారి పడ్డానని చెప్పాలి. మాకు ఆ పుస్తకాలు ఎందుకంత ఇష్టమో నాకు ఇప్పుడు తెలుస్తోంది. అందులో దెబ్బ తినేవాడు తప్పు చేసినవాడు, కొట్టేవాడు మంచివాడు. ఆ ఒక్క లెక్క కోసం చదివేవాళ్ళం. మా ఇంట్లో ఆ లెక్క ఎన్నడూ కుదరలేదు. చిన్నాయన దవడ సరిగ్గా అతకనే లేదు. పోయేదాకా ఎడమ పక్కనే నమిలేవాడట, అది కూడా నేను పరాయివాళ్ళ నోట విన్నాను.

తల పగిలినవాడి తరఫువాళ్ళు ఊరుకోలేదు, పంచాయితీ అన్నారు. మరునాడు పొద్దున్నే అదే పొలంలో కులపెద్దలు కూర్చున్నారు. నోటి మాటలు ఎవరివీ చెల్లవు, పిలుపే సాక్ష్యం అన్నాడు పెద్దమనిషి. మా వాళ్ళల్లో అది పాత పద్ధతి. ప్రతి కాపరికీ ఒక పిలుపు ఉంటుంది. కలిసిన మందను మధ్యలో నిలిపి, ఇరువైపులా ఒక్కొక్కరు నిలబడి పిలవాలి. ఏ గొర్రె ఎటు పోతే అది వాళ్ళదే, దాని మీద మళ్ళీ మాట లేదు. ఈ మాట వినగానే నాయినమ్మ మొహం చేతుల్లో దాచుకుంది. మా మందకు తెలిసిన పిలుపు చిన్నాయనదే. నాలుక అంగిటికి కొట్టి 'ట్ర్ర్ర్' అని మొదలుపెట్టి 'హో...య్' అని సాగదీసేవాడు. ఆ చిన్నాయన గట్టు మీద కూర్చుని ఉన్నాడు. నాయినమ్మ చీర చింపి గడ్డం కింద నుంచి నెత్తి దాకా కట్టిన కట్టు, ఉబ్బి మూసుకుపోయిన కన్ను. నోరు తెరుచుకోదు. మిర్యాలగూడ దవాఖానకు పోదాం రమ్మంటే మంద సంగతి తేలేదాకా కదలనని చేత్తోనే చెప్పాడు.

యాదగిరి పిలిచాడు. అతని గొర్రెలు ఒక్కొక్కటిగా విడివడి అతని వైపు నడిచాయి. మావి మధ్యలోనే తలలు ఎత్తి నిలబడ్డాయి. "ఇగ మీరు పిలువుండ్రి" అన్నాడు పెద్దమనిషి. "నేను పిలుస్త, నాకు సిన్నాయిన పిలుపు వస్తది" అన్నాను. నిజంగానే వస్తుంది. మంద వెంట దూరం పోయినప్పుడు మేమిద్దరం ఒకరినొకరం పిలుచుకున్నది కూడా ఆ పిలుపుతోనే. నాయిన చెంప మీద కొట్టిన దెబ్బకు నేను గట్టు అవతల పడ్డాను. "మొగోడు సచ్చిండా ఇంట్ల? పంచాయితీల ఆడిపోరి పిలుస్తదా?" అని తనే ముందుకు పోయాడు. చెప్పులు కిర్రుమన్నాయి. గొంతు సవరించుకుని, తమ్ముడి పిలుపునే, అచ్చం అలాగే పిలవబోయాడు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని అంటారు. వట్టి అబద్ధం. ఆ గొంతు వినపడగానే మా మంద మొత్తం ఒక్కసారి అదిరిపడి, దెబ్బ తప్పించుకోవడానికి ఎలా పరిగెత్తేవో అలా పరిగెత్తి, గట్టు దూకి, పోయి యాదగిరి గొర్రెల్లో దూరిపోయింది. పొలం ఖాళీ అయింది. "మాటంటే మాట లింగయ్యా. మంద అటే పోయింది" అన్నాడు పెద్దమనిషి. అమ్మ గుండెలు బాదుకుంది. నాకు మిల్లు కళ్ళ ముందు కనబడింది.

అప్పుడు యాదగిరి లేచాడు. "పెద్దయ్యా, నా గొర్లు నాకెర్కనే. వీట్ల సగం నావి కావు, సోమన్నవి. కానీ గా లింగయ్య చేతికి మాత్రం ఇయ్య. రేపు వీటిని గూడ గట్లనే సంపుతడు. సోమన్న నాతోని వస్తనంటే ఆయన మంద ఆయనకే, నా ఇంట్ల నా తమ్మునోలె ఉంటడు. దవాఖానకు గూడ నేనే తోల్కపోత" అన్నాడు. అందరూ చిన్నాయన వైపు చూశారు. చిన్నాయన నాయినమ్మ వైపు చూశాడు. ముసలిది చుట్ట పక్కన పెట్టి, కొడుకు చెంప మీద కట్టు సరిచేసి, "పో బిడ్డా. ఈడుంటే పానం దక్కది. పో" అన్నది. అంటూనే మొహం తిప్పుకుంది. ఆయన గొంగడి భుజాన వేసుకున్నాడు. నా దగ్గరికి వచ్చి నెత్తి నిమిరి, ఏదో చెప్పబోయి, నొప్పికి కళ్ళు మూసుకుని, వెళ్ళిపోయాడు. అన్న వైపు చూడనే లేదు.

రెండు మందలూ కలిసి కట్ట ఎక్కాయి. నాకు అప్పుడు మంద గుర్తు లేదు, బడి గుర్తు లేదు, మిల్లు అంతకన్నా లేదు. రేపటి నుంచి చిన్నాయన ఉండడు, అదొక్కటే తెలిసింది. పరిగెత్తాను. "సిన్నాయినా" అని అరుద్దామంటే ఏడుపుకు గొంతు పెగల్లేదు. పెగిలినప్పుడు బయటికి వచ్చింది ఆ మాట కాదు, మేము పిలుచుకునే పిలుపు. ట్ర్ర్ర్... హో...య్! కట్ట మీద మంద ఆగింది. ఒక ముసలి గొర్రె వెనక్కి తిరిగింది. దాని వెనక ఇంకొకటి. చూస్తుండగానే మా మంద మొత్తం యాదగిరి గొర్రెల్ని చీల్చుకుని, కట్ట దిగి, దుమ్ము లేపుకుంటూ నా మీదికి ఉరికి వచ్చింది. నా మోకాళ్ళకు తగిలి, నన్ను చుట్టుముట్టి, నా చేతులు నాకసాగాయి. ఆ దుమ్ములోంచి చూశాను. యాదగిరి వాటిని మళ్ళేయబోతే చిన్నాయన అతని చెయ్యి పట్టుకుని ఆపాడు. నా వైపు ఒక్కసారి తిరిగాడు. నేను మళ్ళీ పిలిచాను. ఈసారీ ఆయన కోసమే పిలిచాను. ఆయన రాలేదు. ముందుకు తిరిగి, యాదగిరి మంద పక్కన నడుచుకుంటూ, మఠంపల్లి తోవ పట్టాడు. వెనక నుంచి కిర్రు చెప్పులు పరిగెత్తి వచ్చాయి. "శభాష్ బిడ్డా! శభాష్! మందను నిలబెట్టినవ్" అంటూ నాయిన నా నెత్తి మీద చెయ్యి వేశాడు. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆ చెయ్యి కొట్టకుండా నా మీద పడడం అదే మొదలు. ఆ చెయ్యి కింద నిలబడి, కట్ట మీద ఆ మనిషి చిన్నగా అయిపోతుంటే చూస్తూ, కొడితే బాగుండుననుకున్నాను.